మేక తిన్న పేరు

నా పేరును ఒక మేక తినేసింది.

ఈ సంగతి ఆత్మకూరు బస్టాండులో టీ తాగేవాళ్ళందరికీ తెలుసు. నేను అటుగా వెళ్తుంటే కొందరు వెనకనుంచి మేకలా అరుస్తారు కూడా. ఎవరెవరు అరిచారో నాకు గుర్తుంది. సమయం వచ్చినప్పుడు చూసుకుంటాను.

ఆ మేకను సాకిన పెద్దావిడ పోయిన నెల ఉదయగిరిలో చనిపోయింది. పోయినవాళ్ళ గురించి మంచే మాట్లాడాలంటారు. ఆమె బతికి ఉండగా నా గురించి ఒక్క మంచి మాట అన్నా, నేనూ ఇప్పుడు నాలుగు మంచి మాటలు రాసేవాణ్ణి. అనలేదు. కాబట్టి జరిగింది జరిగినట్టే రాస్తాను.

ఆమెది కిత్తనార పని. చేల గట్ల మీద కంచెగా పెరుగుతుందే, కత్తుల్లాంటి ఆకులతో, ఆ మొక్క ఆకుల్ని కోసి నీళ్ళలో నానేసి, బాది, గీకి తీసే నార. దానితో పశువులకు పలుపులు, మేకలకు తాళ్ళు, దూలానికి ఉట్లు చేసేది. సహకార సంఘం వచ్చాక సంచులు, బుట్టలు, గోడకు తగిలించే అల్లికలు కూడా చేసింది. ఆ గోడ అల్లికల్ని సంఘంలో అందరూ వాల్ హ్యాంగింగ్ అనేవాళ్ళు. ఆమె మాత్రం "గోడపలుపు" అనేది. గోడ ఎక్కడికైనా పారిపోతుందా కట్టెయ్యడానికి అని నేను ఒకసారి అడిగాను. "నీ మాదిరి మనిషి ఎదురుగా నిలబడి గంటసేపు మాట్లాడితే అదీ పారిపోతాది" అంది. మా పరిచయం ఇలా ఉండేది.

నేను బోర్డులు రాసేవాణ్ణి. ఆత్మకూరు నుంచి అనంతసాగరం దాకా, అటు కలువాయి దాకా, కిరాణా కొట్లు, ఎరువుల దుకాణాలు, చర్చీలు, ట్రాక్టరు ట్రాలీలు, ఎన్ని పేర్లు రాశానో. బోర్డు కింద కుడి మూలలో చిన్న అక్షరాలతో తన పేరు రాసుకోవడం రాసినవాడి హక్కు. ఆ హక్కు నాకు ఎప్పుడూ దక్కలేదు. పని నేర్చుకునేటప్పుడు రాసింది నేనైనా మూలలో గురువుగారి పేరే ఉండేది. సొంతంగా కొట్టు పెట్టుకున్నాక, "మా అంగడి బోర్డు మీద నీ పేరేందయ్యా" అన్నారు యజమానులు. కొత్త తరం యజమానులు ఆ మాట అనకముందే ఫ్లెక్సీలు వచ్చాయి. అప్పటిదాకా నేను రాసినవన్నీ ఆ ఫ్లెక్సీల వెనక చీకట్లో ఉన్నాయి. జీవితమంతా ఊళ్ళోవాళ్ళ పేర్లు రాసినవాడి పేరు లోకంలో ఎక్కడా లేదు. చచ్చేలోగా ఒక్క మూలలోనైనా నా పేరు ఉండాలి అనేది నా కోరిక. మరీ పెద్ద కోరికేం కాదు.

నేను సంఘంలో చేరింది అందుకే. ఉదయగిరి కొండ కింద ఒక పాత గోడౌనులో నారపని చేసే ఆడవాళ్ళు, నాలాంటి పని పోయిన పెయింటర్లు కలిసి మొదలుపెట్టిన సంఘం అది. డ్రాయింగు టీచరుగా చేసి రిటైరైన మేడం సెక్రెటరీ. ఆమె ఒక నియమం పెట్టింది. ప్రతి గురువారం మార్పిడి. ఒక వారం నారవాళ్ళు మాకు నార నేర్పాలి, మరుసటి వారం మేము వాళ్ళకు రంగు నేర్పాలి. ఎవరి పని వాళ్ళే దాచుకుంటే సంఘం ఎందుకు అనేది మేడం మాట. వినడానికి బాగానే ఉంది. అనుభవించినవాడికి తెలుస్తుంది.

మొదటి గురువారం నేను ఇస్త్రీ ప్యాంటు వేసుకుని కలిగిరి మీదుగా బస్సు మారి వెళ్ళి కుర్చీలో కూర్చున్నాను. ఆమె కింద కూర్చుని ఉంది. నోట్లో పళ్ళ మధ్య ఒక నారపోగు. అది ఎప్పుడూ అక్కడే ఉండేది. అందుకని ఏ మాటైనా నోటి ఒక పక్కనుంచే బయటికొచ్చేది. తిట్లు మాత్రం రెండు పక్కలనుంచీ వచ్చేవి.

"అబ్బయా, కిందకి దిగు" అంది.

"పర్లేదు పెద్దమ్మా, ఇక్కడినుంచే చూస్తాను."

"చూసేదానికి ఇదేమన్నా సినిమానా? దిగి, ప్యాంటు పైకి లాగు."

"ఎందుకు?"

"తొడ లేకుండా తాడు యాడొస్తాది?"

నారను తొడ మీద పెట్టి అరచేత్తో దొర్లించి పేనుతారు. ఆడవాళ్ళకు చీర ఉంది, మోకాలి దాకా మడుచుకుంటారు. నా ఇస్త్రీ ప్యాంటు మడత తొడ దాకా పోవడానికి చాలా అవస్థపడింది. పేనడం మొదలుపెట్టగానే తొడ మీద వెంట్రుకలు నారతోపాటు మెలిపడి ఊడి వచ్చాయి. నేను అరిచాను. గోడౌనంతా నవ్వింది. ఆమె నా చేతిలో తాడును తీసుకుని వెలుతురుకు పెట్టి చూసి, "సగం నార, సగం పెయింటరు" అంది. ఆ రోజు నవ్వినవాళ్ళు ఇప్పుడు నన్ను అన్నా అన్నా అని పిలుస్తారు. పిలవనీ. నేను మరిచిపోలేదు.

ఆమెతో నా అసలు తగాదా మేక దగ్గర మొదలైంది.

వాళ్ళ ఇంట్లో ఒక ఆచారం ఉంది. ఆమె అత్త నుంచి వచ్చిందట. పేనిన తాడు ఏదైనా సరే ఒక పూట గొడ్డు మెడలో ఉండకుండా గడప దాటకూడదు. గొడ్డు గుంజి చూసి, మెడ రుద్ది చూసి, వాసన చూసి ఊరుకుంటేనే అది తాడు. పలుపుల కాలంలో ఇది న్యాయమైన ఆచారమే, నేను కాదనను. కానీ సంచులు, బుట్టలు చేయడం మొదలుపెట్టాక కూడా ఆమె ఆచారం మానలేదు. పలుపైతే బర్రెకు, తక్కినవన్నీ మేకకు. ఎడమ చెవి తెల్లగా ఉండే నల్ల మేక. దాని మెడలో హ్యాండ్‌బ్యాగు వేసి పొద్దున వదిలితే మధ్యాహ్నానికి తిరిగొచ్చేది. ఒకసారి దీపానికి పెట్టే బుట్టను మెడలో వేస్తే, గెలిచిన సర్పంచికి దండ వేసినట్టు అది ఊరంతా తిరిగింది.

నెల్లూరు నుంచి వచ్చిన ఒకామె సంచి చూస్తూ, "ఇది ఎంత బరువు మోస్తుందండీ?" అని అడిగింది.

"మేకను మోసింది" అంది ఈమె.

"మేకనెందుకు పెడతామండీ ఇందులో?"

"పెట్టొద్దు తల్లా. పెట్టినా తెగదు అంటా ఉండా."

ఆమె సంచి కొన్నది కానీ, ఇంటికి వెళ్ళేలోపు ఎన్నిసార్లు వాసన చూసుకుందో.

పని బాగుందా అని ఆమెను ఎవరు అడిగినా ఒకటే జవాబు. "నన్నడిగితే ఏం తెలస్తాది? మేకనడుగు." సెక్రెటరీ మేడంకీ అదే, కొత్తగా చేరిన పిల్లకూ అదే. ఎవర్నీ మెచ్చుకునేది కాదు. మేక మీదికి నెట్టేసి తన నోటిని కాపాడుకునేది.

రంగు మా వంతు వచ్చినప్పుడు నేను నార అల్లిక మీద ఎనామెలు వేసి చూపించాను. బోర్డులు రాసేవాడికి ఎనామెలు తల్లి లాంటిది. ఎండకూ వానకూ చెక్కు చెదరదు. తామరపువ్వు వేశాను. మెరిసిపోయింది. అందరూ బాగుందన్నారు. ఆమె మాత్రం దగ్గరికొచ్చి వాసన చూసింది. ఆరాక చంకలో పెట్టుకుని ఇంటికి తీసుకుపోయింది. మరుసటి గురువారం తెచ్చి నా ముందు పడేసింది. వంచినచోటల్లా రంగు పెచ్చులు లేచి ఉంది.

"మేక ముట్టలేదు" అంది.

"మేక ముట్టకపోతే మంచిదే కదా?"

"వాసన జూసి మొహం తిప్పుకునింది. ఊపిరాడని నార అది. చచ్చింది. చచ్చినదాన్ని మేక తినదు."

"పెద్దమ్మా, ఇది గోడకు తగిలించేది. గోడకు ముక్కు లేదు."

"మేకకుండాది గదా."

ఈ మాట ఆమె గోడౌనులో వదిలేసి ఉంటే నేను మరిచిపోయి ఉండేవాణ్ణేమో. వదల్లేదు. ఆదివారం చర్చి అయ్యాక చెట్టు కింద చెప్పింది, సంతలో చెప్పింది. ఆత్మకూరు పెయింటరు బొమ్మను మేక కూడా ముట్టలేదట అని నాకంటే ముందే బస్సెక్కి మా ఊరు వచ్చేసింది ఆ మాట.

తర్వాత ఆమె నాకు రంగు నేర్పింది. ఇదెక్కడి న్యాయం? రంగు నేర్పాల్సింది నేను. ఎర్రమట్టి, పసుపు, బొగ్గు, నీలి, వీటిని చింతగింజల జిగురులో కలిపి నారకు పట్టించడం. నార తడిగా ఉన్నప్పుడే పట్టించాలి, పేనుతూ పట్టించాలి. ఉడుకుతున్న జిగురులో కట్టె తిప్పుతూ సన్నగా ఆదివారం పాటలు పాడేది. పాట మధ్యలో ఆపి, "అడుగంటతా ఉండాది, కళ్ళు యాడ పెట్టుకోనుండావు?" అని, మళ్ళీ పాట ఆపినచోటనుంచే ఎత్తుకునేది. దేవుడు ఆ పాటల్ని ముక్కలు ముక్కలుగానే విని ఉంటాడు.

నేనూ ఊరుకోలేదు. నా వంతు గురువారాల్లో అక్షరాలు నేర్పాను. ప్రతి అల్లిక మీదా చేసినవాళ్ళ పేరు ఉండాలన్నాను. అందరూ నేర్చుకున్నారు. ఆమె పలక ముట్టలేదు.

"పోనీ నేను రాసిపెడతాను, నీ పేరు చెప్పు" అన్నాను.

"నా పేరు నీకు తెలీదా?"

"నాకు తెలుసు. కొనేవాళ్ళకు తెలియాలి కదా."

"నా ముడి చూస్తే తెలస్తాది." ఆమె ప్రతి పనికీ చివర ఒక ముడి వేసేది. రెండు చుట్లు తిప్పి, కొసను లోపలికి దూర్చి, పైకి కనపడకుండా.

"ముడి తెలిసినవాళ్ళకు తెలుస్తుంది. తెలియనివాళ్ళకు?"

"తెలీనోళ్ళకు తెలిసి ఏం జేస్తారయ్యా? నా పేరు పైన దేవుడి కాడ ఉండాది. సంచి మీద దేనికి?"

"నా పేరు ఆయన దగ్గర కూడా ఉందో లేదో, నాకు నమ్మకం లేదు" అన్నాను. నిజంగానే అన్నాను. ఆమె నవ్వలేదు. నోట్లో నారపోగు ఈ పక్కనుంచి ఆ పక్కకు మార్చింది, అంతే.

ఆ ఏడు నెల్లూరులో చేతిపనుల ప్రదర్శన పెట్టారు. సంఘం తరఫున ఒక పెద్ద అల్లిక పంపాలని మేడం అంది. నార ఆమె తీసి ఇచ్చింది, పేనుతూ రంగులు ఆమె చెప్పిన పద్ధతిలో నేను పట్టించాను, బొమ్మ నాది. ఉదయగిరి కొండ. పొద్దున ఎండ పడ్డప్పుడు కొండ మీద కోటగోడ ఎర్రగా ఒక గీతలా కనిపిస్తుంది. ఆ గీత కోసం నెలల తరబడి ఆమె ముందు తొడ అరగదీసుకున్నాను. చివర్న కింద కుడి మూలలో, పసుపు నారతో, చిన్నగా, నా పేరు. అక్షరాలు గుండ్రంగా కుదిరాయి. ఆ మూలను ఎంతసేపు చూస్తూ కూర్చున్నానో చెప్పను, నవ్వుతారు.

"ఒక పూట ఇంటికి తీసకపోతా" అంది ఆమె.

"వద్దు పెద్దమ్మా. ఇది పలుపు కాదు. రేపు బండికెక్కాలి."

"గడప దాటాలంటే దాటే పద్ధతిలో దాటాల."

మేడం వైపు చూశాను. మేడం కిటికీలోంచి కొండ వైపు చూసింది. అలాంటి సమయాల్లో అందరికీ కొండే కనిపిస్తుంది.

పొద్దున ఆమె అల్లికను తెచ్చి గోడౌనులో పరిచింది. కొండ ఉంది. కోటగోడ ఉంది. కింద కుడి మూల లేదు. గుండ్రంగా, అరచేయంత, మేక నోరంత ఖాళీ. అంచున తడి ఇంకా ఆరలేదు.

ఆ ఖాళీలో వేలు పెట్టి చూశాను. ఇక నోరు ఆగలేదు.

"నా పేరు తినేసింది! నీ మేక నా పేరు తినేసింది!"

"అవు" అంది ఆమె. "తినింది."

"ఇంత పెద్ద కొండ ఉంది కదా, అది తినొచ్చు కదా! ఆకాశం తినొచ్చు కదా!"

"దాన్నడగాల. నోటికి ఏదందితే అది తినింది."

"ఇన్నేళ్ళకు ఒక్క చోట రాసుకున్నాను పెద్దమ్మా. ఒక్క చోట."

ఆమె నా వైపు తిరిగింది. నోట్లో పోగు తీసేసింది. అది తీయడం నేను ఎప్పుడూ చూడలేదు. "అబ్బయా, తినిందంటే రంగు కుదిరినట్టు. ఇంకేం గావాల నీకు?" అని, మళ్ళీ పోగు పెట్టుకుని పనిలో పడింది. క్షమించమని ఒక్క మాట లేదు. మేకను రెండు తగిలించానన్న మాట కూడా లేదు. పైగా దానికి ఆ రోజు తవుడు ఎక్కువ వేసిందని తర్వాత విన్నాను.

మూల మళ్ళీ అల్లడానికి సమయం లేదు. మేడం ఉన్నదున్నట్టే పంపించింది. నెల్లూరులో ఆ అల్లిక ముందు జనం బాగానే ఆగారు. కళ్ళజోడు పెద్దమనిషి ఒకాయన మూల వైపు వేలు పెట్టి, "ఆ చిరుగు పెట్టారు చూశారా, అక్కడుంది పనితనమంతా" అన్నాడు. పక్కనే నిలబడి ఉన్నాను. పనితనమంతా ఎవరిదో చెప్పాలని నోరు తెరిచాను. అంతలో ఈమె జనం మధ్యలోకి వచ్చి, మెడ నిక్కించి, అందరికీ వినపడేట్టు చెప్పింది.

"ఇది మా మేక తినిన బొమ్మ."

నెల్లూరంతా నవ్వింది. నేను ఆ రోజే బస్సెక్కి వచ్చేశాను. తర్వాత గురువారాలకు వెళ్ళడం మానలేదు, మానితే ఆమె గెలిచినట్టు. వెళ్ళి, కింద కూర్చుని, ప్యాంటు పైకి లాగి, ఆమెతో మాట్లాడకుండా తాడు పేనేవాణ్ణి. ఆమె కూడా మాట్లాడేది కాదు. పేనింది తీసుకుని వెలుతురుకు పెట్టి చూసి కట్టలో పడేసేది. ఒకటి రెండేళ్ళు అలా గడిచాయి. సగం నార, సగం పెయింటరు అని కూడా అనేది కాదు. నా తొడ మీద ఊడడానికి ఇంకేం మిగల్లేదు మరి.

పోయిన నెల ఆమె కోడలు ఫోన్ చేసింది. "అన్నా, అత్త పోయింది." వెళ్ళాను. మట్టి వేశాను. తిరుగు బస్సెక్కి వచ్చేశాను. పోయిన వారం మళ్ళీ ఫోన్. సమాధి కట్టించారట, సిమెంటు సిలువ పెట్టారట, పేరు రాయాలట. ఫ్లెక్సీ వాళ్ళు సమాధుల మీద రాయలేరు కదా.

మేడం కూడా వచ్చింది. "ఆమె నేర్పిన మట్టి రంగులతో రాస్తే ఎంత బాగుంటుంది, ఆలోచించండి" అంది. నేను ఆలోచించలేదు. ఇంటినుంచే డబ్బా తెచ్చుకున్నాను. నల్ల ఎనామెలు.

"ఎనామెలా?" అంది మేడం. "ఆమెకు పడదు కదా అది?"

"పడదు" అన్నాను.

తెల్లసున్నం మీద గీతలు కొట్టుకుని రాయడం మొదలుపెట్టాను. నా చేతినుంచి అంత నిదానంగా ఏ బోర్డూ రాలేదు. కోడలు మేకను తోలుకుని వచ్చి పక్కన నిలబడింది. ముసలిదైంది మేక. మెడలో తాడు నేను పేనిందే, నా మెలి నాకు తెలుసు. కొసన ముడి ఆమెది.

"మీ బొమ్మ గురించి చచ్చేదాకా చెప్తానే ఉన్నింది అన్నా" అంది కోడలు. "మేక తినిన బొమ్మ, మేక తినిన బొమ్మ అని. ఇంటికి ఎవరొచ్చినా."

"తెలుసమ్మా. నన్ను ఎగతాళి చేయడానికి ఊరంతా చాల్లేదు ఆమెకు."

"ఎగతాళి ఏందన్నా?" కోడలు నిజంగానే ఆశ్చర్యపోయింది. "ఆమె చేసినవి ఎన్ని కట్టినాము దీని మెడలో. వాసన జూసి ఊరుకునేది, నమిలింది లేదు. ఇంతకాలానికి ఇది తినింది అదొక్కటే. ఆమెకు కడుపుమంటగా గూడా ఉన్నిందిలే. 'నాది ఒక్కటన్నా తినలేదే దీని తాడు తెగ' అని తిట్టుకునేది."

నేను కుంచె డబ్బాలో ముంచి, అంచుకు రెండు వైపులా తుడిచాను. తినడానికి కారణం చింతగింజల జిగురు అని చెబుదామనుకున్నాను. కోడలితో వాదించి ఏం లాభం? వాదించాల్సిన మనిషి వినే చోట లేదు. మిగిలిన అక్షరాలు రాసేశాను.

పేరు పూర్తయ్యాక సిలువ కింద దిమ్మె మీద, కుడి మూలలో, సన్న కుంచెతో నా పేరు రాశాను.

"అన్నా!" అంది కోడలు. "సమాధి మీద మీ పేరు దేనికి? చూసినోళ్ళు మీరు గూడా పోయినారనుకుంటారు."

"అనుకోనీ."

"ఉండండయితే. అత్త ఉంటే పరీక్ష లేకుండా గడప దాటనిచ్చేది కాదు" అని తాడు వదులు చేసింది.

మేక నింపాదిగా వచ్చింది. పైన ఆమె పేరు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసింది. కిందికి వంగి నా పేరు వాసన చూసింది. అది తుమ్మి, మొహం తిప్పుకుని, పక్క సమాధి మీద గడ్డి వైపు నడిచింది.

ఆ మేక నాకు చేసిన మర్యాద అదొక్కటే.